విప్పి చూచిన చేతులు – శ్రీ జి.డి. నాయుడు

పాత మోటారు బండ్లను సంపాదించి, తుడిచి, నూనె పోసి, నడిచే స్థితిలో ఉంచుకోవడం కలిగినవారి ముచ్చట అని మనలో చాలామంది అభిప్రాయం. ఆ ముచ్చట చేతిలో పైసా లేనివానికి కూడా బ్రతుకుదారి చూపగలదని నిరూపించినవారు శ్రీ గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు.

వారు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో, తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. బడి చదువు మొదటి తరగతులతోనే ఆగిపోయింది. పొలం పనులు చేసుకునే రోజుల్లో ఒక ఇంగ్లీషు అధికారి నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలు వారి కంటబడింది. ఎద్దు, గుర్రం లేకుండా పరుగెత్తే ఆ బండిపై మనసు పడి, కోయంబత్తూరు చేరి హోటల్లో సర్వరుగా కుదిరారు. కొన్నేళ్ళు కూడబెట్టిన సుమారు 300 రూపాయలతో దానిని కొన్నారు. కొని ఊరుకోలేదు, భాగాలన్నీ ఊడదీసి, దేని పని ఏమిటో గ్రహించి, తిరిగి బిగించారు. అదే వారి ఇంజనీరింగు కళాశాల.

మన వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో వెలసింది. ఆ తరువాత రెండేళ్ళకు, 1920లో, నాయుడుగారు అప్పు తెచ్చి ఒక బస్సు కొని పొల్లాచి–పళని మధ్య తామే నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగు కళాశాల వెలియడానికి వారే కారకులు, తొలి ప్రిన్సిపాలు కూడా. నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో పూర్తిచేయవచ్చునని వారు వాదించారు. ప్రభుత్వం అంగీకరించకపోగా పదవి వదులుకున్నారు.

1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును తయారుచేశారు. వెల రెండు వేల రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, తయారీ ఆగిపోయింది. ఫైళ్ళ మధ్య జీవితం గడిపినవారం గనుక, కాగితం మీద ఒక్క మాటకు ఎంత బలముందో మనకు తెలుసు. సామాన్య గుమాస్తా ఇంటి ముందు నిలువవలసిన కారు ఆ ఒక్క మాటతో రోడ్డెక్కకుండా పోయింది.

నాయుడుగారు 1974 జనవరి 4న కన్నుమూశారు. వారి పేరిట కోయంబత్తూరులో 2015లో పాత కార్ల మ్యూజియం వెలసింది. అటు వెళ్ళిన సభ్యులు తప్పక చూడదగినది.

బండి కొన్నంత మాత్రాన మనది కాదు; దాని లోపలి సంగతి తెలిసి, చెడితే బాగుచేసుకోగలిగిననాడే మనది అవుతుంది. మగ్గం మీద బ్రతికిన మన ఊరివారికి ఈ మాట కొత్త కాదు. ఇంట్లో మూలపడిన సైకిలో, కుట్టుమిషనో, స్కూటరో ఉంటే, మనుమలను పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి విప్పి చూడండి. విశ్రాంత జీవితానికి ఇంతకన్న మంచి కాలక్షేపం ఉండదు.