మెర్విన్ పీక్ – మిషనెరీ వైద్యుని కుమారుడు

చదువవలసిన వాక్యభాగము: నిర్గమకాండము 31:1–6

బెసలేలు పేరు మన సంఘములలో తరచుగా వినబడదు. మోషే అహరోనులను గూర్చి ఎన్నో ప్రసంగములు విందుము గాని, గుడారపు పనికొరకు దేవుడు పేరుపెట్టి పిలిచిన ఆ పనివానిని దాటిపోవుదుము. బంగారముతోను, వెండితోను, కఱ్ఱతోను పనిచేయు నేర్పుగూడ దేవుని ఆత్మవలన కలిగినదేయని గ్రంథము తెలుపుచున్నది. ప్రియ చదువరులారా, చేతియందు అట్టి నేర్పు కలిగి, ఆ నేర్పువలననే హృదయవేదన పొంది, తుదకు ఆ చేయియే వశము తప్పిన ఒక చిత్రకారుని జీవితమును ఈ నెల చెప్పుకొందము.

మెర్విన్ పీక్ 1911వ సంవత్సరము జూలై 9న చైనాదేశమందలి కూలింగ్ అను కొండ ఊరిలో జన్మించెను. మన దేశపు మిషనెరీలు ఎండకాలమున కొడైకెనాలుకు వెళ్లినట్లు, చైనా మిషనెరీలు వేసవియందు కూలింగునకు వెళ్లుచుండిరి. తండ్రి డాక్టర్ ఎర్నెస్టు పీక్ గారు లండన్ మిషనెరీ సొసైటీవారి వైద్యుడు. ఈ సొసైటీ మనకు పరాయిది కాదు. 1805లో విశాఖపట్టణమునకు క్రాన్, డి గ్రాంజ్ దొరలను పంపినదియు, జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రిని నడిపినదియు ఇదే. డాక్టర్ గారు మొదట హునాన్ రాష్ట్రమందలి హెంగ్‌చౌలో పనిచేసి, పిమ్మట తియెన్‌సిన్ పట్టణపు మిషను ఆసుపత్రికి వచ్చెను. తల్లియు మిషను పనికొరకే చైనాకు వచ్చిన స్త్రీ.

మెర్విన్ మిషను కాంపౌండులో పెరిగెను. గోడలోపల ఇంగ్లాండు, గోడవెలుపల చైనా. తలుపు తీసి బయటికి వచ్చినయెడల బిచ్చగాండ్రు, ఒంటెలు, శవయాత్రలు, పండుగ ఊరేగింపులు. బాలుడు కనబడినదానినెల్ల కాగితముమీద గీయుచుండెను. 1922 తుదిని ఆ కుటుంబము చైనా విడిచి ఇంగ్లాండు చేరెను. అక్కడ మిషనెరీల కుమారులకొరకు స్థాపింపబడిన ఎల్తామ్ కాలేజీలో మెర్విన్‌ను చేర్చిరి. ఆదివారమున పరుగెత్తనని చెప్పి పేరు పొందిన ఎరిక్ లిడ్డెల్ చదివినదియు ఈ పాఠశాలయందే. మెర్విన్ చేరునప్పటికి లిడ్డెల్ చదువు ముగించి వెళ్లియుండెను.

పీక్ మిషనెరీ కాలేదు, ప్రసంగీకుడును కాలేదు. పెద్దవాడైన తరువాత సంఘ జీవితములో ఆయన ఎక్కువగా కనబడలేదు. తల్లిదండ్రుల శ్రమ ఆ బిడ్డయందు వృథాయైనదని ఎవరైన అందురేమో. అది తొందరపాటు మాట యని నా అభిప్రాయము.

లండనులోని రాయల్ అకాడమీ పాఠశాలలో చిత్రలేఖనము నేర్చి, సార్క్ అను చిన్న ద్వీపములో కొంతకాలము చిత్రకారులతో కలిసి నివసించి, తరువాత వెస్ట్‌మిన్‌స్టర్ కళాపాఠశాలలో ఉపాధ్యాయుడాయెను. అక్కడ విద్యార్థినిగా నుండిన మేవ్ గిల్మోరును 1937లో వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలిగిరి. 1939లో సముద్రపు దొంగల కథయొకటి తానే వ్రాసి, తానే బొమ్మలు వేసి ప్రకటించెను. ఇతరుల పుస్తకములకును బొమ్మలు వేసెను. వాటిలో 1949లో వెలువడిన ట్రెజర్ ఐలండు బొమ్మలను నేటికిని మెచ్చుకొందురు. సన్నని గీతలు పక్కపక్కన వేలకొలది గీసి, చీకటిని వెలుగును కాగితముమీద నిలుపుట ఆయన పద్ధతి. అట్టి పనికి కదలని చేయి కావలెను.

ఇంతలో యుద్ధము వచ్చెను. 1940లో ఆయనను సైన్యమునకు పిలిచిరి. ఆ పనికి ఆయన తగినవాడు కాడు. బారకాసులలో కూర్చుండి నోటుబుక్కులలో ఒక పెద్ద కథ వ్రాయుచు, అంచులలో ఆ కథలోని మనుష్యుల ముఖములు గీయుచుండెను. 1942లో మనస్సు చెదరి ఆసుపత్రిపాలాయెను. మరుసటి సంవత్సరము సైన్యమునుండి విడుదల పొందెను. శత్రువుల విమానములను దూరమునుండి కనిపెట్టు రాడారు యంత్రములకు గాజు గొట్టములు ఊదు కార్మికులను బర్మింగ్‌హామ్ దగ్గర చిత్రించు పనిని మాత్రము ప్రభుత్వము ఆయనకు అప్పగించెను.

ఆ నోటుబుక్కుల కథ 1946లో టైటస్ గ్రోన్ అను పేరుతో వెలువడెను. దాని సంగతి చెప్పవలెను. గోర్మెన్‌ఘాస్ట్ అను మహాకోట. దానికి 77వ ప్రభువుగా ఒక శిశువు పుట్టును. అక్కడ ప్రతి దినము, ప్రతి గడియ ఏమి చేయవలెనో పాత గ్రంథములలో వ్రాసియున్నది. ఎందుకు చేయవలెనో ఎవరికిని తెలియదు. వంటయింట పనిచేయు ఒక కుఱ్ఱవాడు మర్యాద మాటలతో, మోసముతో, తుదకు హత్యలతో పైకెక్కును. ఇందులో దయ్యములు లేవు, మాయమంత్రములు లేవు. అయినను ఇది ఈ లోకము కాదు. కాంపౌండు గోడను, చైనా రాజనగరుల ఆచారములను ఎరిగిన బాలుడే ఈ కోటను కట్టెనని అనేకులు తలంచుచున్నారు. అర్థము మరచిన ఆచారమును గూర్చి చదువుచుండగా, పెద్దల పారంపర్యాచారమును గూర్చి మార్కు సువార్త 7వ అధ్యాయము నాకు జ్ఞాపకము వచ్చినది.

ఈ పుస్తకము అచ్చగుటకు ముందు జరిగిన యొక సంగతి ఆయనను జీవితాంతము విడువలేదు. 1945 ఏప్రిల్ 15న బ్రిటిషు సైన్యము జర్మనీలోని బెల్సెన్ నిర్బంధ శిబిరమును విడిపించెను. అందు దాదాపు 60,000 మంది బందీలు ఉండిరి. వారిలో యూదులు అధికులు. పాతిపెట్టని శవములు వేలకొలది పడియుండెను. విడుదల వచ్చిన తరువాతగూడ ఆకలిచేతను వ్యాధులచేతను సుమారు 13,000 మంది చనిపోయిరి. జూన్ మాసమున ఒక వారపత్రికవారు పీక్‌ను బొమ్మలు గీయుటకు అక్కడికి పంపిరి. ఆసుపత్రి మంచముమీద క్షయతో చనిపోవుచున్న ఒక యువతిని ఆయన గీసెను.

తిరిగివచ్చి ఆమెను గూర్చి ఒక పద్యము వ్రాసెను. ఆమె ప్రాణము పోవుచుండగా తన కన్ను ఆ ముఖమును మంచి చిత్రముగా చూచినదే, అట్టి కన్నుగల నాయందు కనికరమెక్కడిది అని అందులో తన్నుతాను నిలదీసికొనెను. లూకా సువార్త 10వ అధ్యాయములోని యాజకుడు చూచెను, లేవీయుడు చూచెను, సమరయుడును చూచెను. చూచుటలో ముగ్గురును సమానులే. డాక్టర్ పీక్ గారైనచో ఆ బిడ్డ నాడి పట్టియుందురు. కుమారుని చేతిలో మందు లేదు, పెన్సిలు మాత్రము ఉండెను. గీయకుండ ముఖము తిప్పుకొని వచ్చియుంటే మేలా? నేను అట్లనజాలను. ఆ పేరెరుగని యువతిని చూచినవాడొకడున్నాడని ఆ కాగితము సాక్ష్యమిచ్చుచున్నది. గీసిన పిమ్మట, చేయరాని పని చేసితినేమోయని ఆయన తల్లడిల్లెను. అందువలననే నాకు ఆయనయందు గౌరవము కలిగినది.

1950లో రెండవ భాగమైన గోర్మెన్‌ఘాస్ట్ వచ్చెను. మరుసటి సంవత్సరము దానికిని ఒక పద్యసంపుటమునకును కలిపి హైనెమన్ బహుమానముగా 100 పౌనులు లభించెను. మెప్పు కొంత కలిగెను గాని ఇల్లు గడచుట కష్టముగానే యుండెను. 1957లో లండనులో ఆడిన ఆయన నాటకము విఫలమాయెను. దానిమీద ఆయన పెట్టుకొనిన ఆశ గొప్పది; ఆ దెబ్బకు మంచమెక్కెను. అప్పటికే చేతులు వణకుచుండెను. విద్యుత్ చికిత్స, మెదడుకు శస్త్రచికిత్స, ఏదియు పనిచేయలేదు. 1959లో మూడవ పుస్తకము టైటస్ ఎలోన్ ఎంతో ప్రయాసతో వెలువడెను. నిర్బంధ శిబిరమునుండి వచ్చిన స్త్రీ, దుర్వాసన కొట్టు కర్మాగారము అందులో కనబడును. బెల్సెన్ ఆయనను విడువలేదని చెప్పితిని గదా.

తరువాతి సంవత్సరములు ఆసుపత్రులలోనే గడచెను. వేలకొలది సన్నని గీతలు గీసిన చేయి ఒక గీతను తిన్నగా గీయలేకపోయెను. మాటయు జ్ఞాపకమును క్రమముగా తగ్గెను. నాటి వైద్యులకు ఆ వ్యాధి సరిగా తెలియలేదు. లూయీ బాడీలవలన కలుగు మతిమరుపు వ్యాధి అది కావచ్చునని 2003లో ఒక వైద్య పత్రికలో వ్రాసిరి. మేవ్ అమ్మగారు పిల్లలను పెంచుచు ఆయనను విడువక చూచుకొనెను. 1968 నవంబరు 17న, ఆక్స్‌ఫర్డ్ సమీపమున ఆమె సోదరుడు నడిపిన వృద్ధాశ్రమములో ఆయన కన్నుమూసెను. వయస్సు 57 సంవత్సరములు. ససెక్సులోని బర్ఫామ్ గ్రామపు దేవాలయ ప్రాంగణములో సమాధి చేసిరి.

ఆ దినములలోనే పెంగ్విన్ వారు మూడు పుస్తకములను చౌకప్రతులుగా మరల అచ్చువేయుచుండిరి. అవి వేలకొలది ఇండ్లకు చేరుట ఆయన చూడలేదు. మేవ్ 1970లో భర్తను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసి, 1983లో మరణించెను. బారకాసులలో వ్రాసిన ఆ నోటుబుక్కులను 2010లో లండనులోని బ్రిటిష్ లైబ్రరీవారు కొనిరి. కథ వ్రాయుచు వ్రాయుచు ఆగి అంచులలో గీసిన ముఖములు వాటిలో నేటికిని ఉన్నవి.