తల తిరుగుడు గుట్టు విప్పిన మేనియేర్

కూర్చున్నచోటే గది గిర్రున తిరిగినట్లనిపిస్తే మెదడుకేదో అయిందని హడలిపోతాం కదా! 19వ శతాబ్దపు వైద్యులూ అలాగే అనుకునేవారు. మెదడుకు రక్తం పోటెత్తిందని జలగలు పట్టించి, నెత్తురు తీసి, రోగిని మరింత నీరసపరిచేవారు. అది పొరపాటని చాటినవారు ప్రాస్పెర్ మేనియేర్.

ఆయన 1799లో ఫ్రాన్సులోని ఆంజే పట్టణంలో జన్మించారు. పారిస్‌లో వైద్యం చదివి, 1838లో అక్కడి బధిరుల విద్యాలయానికి వైద్యులయ్యారు. తల తిరుగుడు, చెవిలో హోరు, వినికిడి తగ్గడం కొందరిలో కలిసే వస్తున్నాయని గమనించారు. హఠాత్తుగా చెవుడు, తల తిరుగుడు వచ్చి మరణించిన ఒక యువతి శవాన్ని పరీక్షిస్తే మెదడు బాగానే ఉంది. లోపం లోపలి చెవిలో కనిపించింది. 1861 జనవరిలో పారిస్ వైద్య అకాడమీకి ఈ సంగతి వివరించారు. పెద్దలు అంతగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆ వ్యాధికి ఆయన పేరు పెట్టింది ఆ తర్వాతే.

ఇలాంటి రోగుల్లో కొందరికి పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్ కూడా ఉందని ఆయన గుర్తించారు. మైగ్రేన్ వల్ల వచ్చే తల తిరుగుడును నిర్ధారించే అంతర్జాతీయ ప్రమాణాలు మాత్రం 2012లో గానీ రాలేదు. ఇది 5 నిమిషాల నుంచి 3 రోజుల దాకా ఉండవచ్చు. వెలుతురు, చప్పుడు భరించలేకపోవచ్చు. ఆ సమయంలో తలనొప్పి లేకపోవడమూ కద్దు.

కనుక డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు తల తిరుగుడుతోపాటు పాత తలనొప్పిని, చెవి హోరును కూడా చెప్పండి. మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.