హెగ్రా కొండ మీద హినత్ రాయించిన ఆస్తి పత్రం

సౌదీకి వచ్చి పన్నెండేళ్లయినా, మదీనాకు ఉత్తరాన ఉన్న అల్ ఉలా చూడటం మాకు మొన్నటి చలికాలంలోనే కుదిరింది. అక్కడి హెగ్రాలో, అంటే మదాయిన్ సాలిహ్‌లో, కొండల్ని తొలిచి చేసిన సమాధులు 100కు పైగా ఉన్నాయి. సౌదీ నుంచి యునెస్కో జాబితాకెక్కిన తొలి వారసత్వ స్థలం ఇదే, 2008లో. నన్ను మాత్రం హినత్ అనే ఆవిడ కథ కదలనివ్వలేదు.

హినత్ నబతీయుల ఆడపడుచు, వహబు కూతురు. సాంబ్రాణి, సుగంధ ద్రవ్యాలు మోసే ఒంటె బిడారుల మీద సంపాదించిన జనం వాళ్లు. రాజధాని ఇప్పటి జోర్డాన్‌లోని పెట్రా. మాలికు రాజు ఏలుబడి 21వ ఏట, అంటే క్రీ.శ. 60-61లో, ఆమె తన పేరు మీదే సమాధి కట్టించుకుంది. అది తనకు, తన పిల్లలకు, వాళ్ల సంతానానికి శాశ్వతంగా చెందుతుందని రాతి మీద చెక్కించింది. ఎవరూ అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, కౌలుకు రాయకూడదు. మీరినవాడి వాటా న్యాయమైన వారసుడికి పోతుంది. ఆ శాసనంలో భర్త పేరే లేదు.

ఈజిప్టులో స్త్రీలకు సొంత ఆస్తి హక్కు అంతకంటే ఎన్నో శతాబ్దాల ముందే ఉండేది. హెగ్రాలోనూ సమాధులు సొంతం చేసుకున్న ఆడవాళ్లు హినత్ ఒక్కరే కాదు.

ఆ సమాధిలో దొరికిన ఒక స్త్రీ పుర్రె ఆధారంగా నిపుణులు ముఖం తయారుచేసి, హినత్ అని పేరు పెట్టి, 2023 ఫిబ్రవరిలో అందరికీ చూపించారు. మా అమ్మాయి ఆ ముఖాన్ని చాలాసేపు చూసి, ఊళ్లో మన ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ చట్టం చేసింది. అయినా నాన్న పోయాక, మా అక్క చేత వాటా వద్దని సంతకం పెట్టించింది మేమే. ఇల్లు నిలబెట్టింది నా సౌదీ డబ్బే కదా అనుకున్నాను. అక్క మారు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను ఇష్టంగా లెక్కేసుకున్నాను.

వచ్చే సెలవుల్లో ఊరికి వెళ్తున్నాం. ఈసారి చుట్టాల ఇళ్లకంటే ముందు, అక్కను వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాలి.