వనారస గోవిందరావు గారు – టికెట్టు విలువ

మన సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాటి లింగంపల్లి వెళితే సురభి కాలనీ ఉంది. అక్కడి నాటక కుటుంబాలకు మూలపురుషుడు వనారస గోవిందరావు గారు.

వారి పూర్వులు తోలుబొమ్మలాడించేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో బొమ్మలకు బదులు మనుషులే ‘కీచకవధ’ ఆడారు. ఆ ఊరి పేరే వారికి స్థిరపడింది. గోవిందరావు గారు శ్రీ శారదా మనోవినోదినీ సంగీత నాటక సభను నడిపారు.

నాటకం ఆడటం ఒక ఎత్తు, దాన్ని పోషించడం ఒక ఎత్తు. ఆయన కుటుంబాన్నే సంస్థగా మలిచారు. నటించేదీ, తెరలు కట్టేదీ, టికెట్లు అమ్మేదీ ఇంటివారే. మగవారే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఇంటి ఆడపడుచులను రంగమెక్కించారు. సంతానం పెరిగి వేరు సమాజాలు పెట్టుకుంటే సురభి ఊరూరా పాకింది.

1932లో తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’కు సురభి వారే నటులను ఇచ్చారు. ఆ సినిమాయే తర్వాత వారి ప్రేక్షకులను పట్టుకుపోయింది.

నేను గుమాస్తాగా ఉన్నప్పుడు మా ఊళ్లో సురభి డేరా వేశారు. రిక్షాకు మైకు కట్టి ‘మాయాబజార్’ అని చాటారు. మేము ఆఫీసు పేరు చెప్పి ఉచిత పాసులు పుచ్చుకుని ముందు వరుసలో కూర్చున్నాం. వెనక నేల మీద కూలీలు టికెట్టు కొనుక్కుని చూశారు. ఆ రాత్రి వారి పొయ్యి వెలిగింది ఆ కూలీల డబ్బుతోనే. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

మిత్రులారా, ఈసారి సురభి నాటకానికి మనుమలతో వెళదాం. టికెట్టు కొనే వెళదాం.