పని దించి విశ్రమించిన కాటన్ దొర

ధ్యానమునకు: కీర్తన 127, 1 రాజులు 19:1-8



మన మడకశిర ప్రాంతములో పట్టుపురుగులు పెంచు ఇండ్లలో, నాలుగవ జ్వరము దాటినది మొదలు సరియైన నిద్ర యుండదు. రాత్రి ప్రొద్దుపోయి ఒక మేత, తెల్లవారకముందే మరియొక మేత. గూళ్లు హిందూపురము మార్కెట్టుకు చేరువరకు ఇంటివారందరు కునికిపాట్లతోనే దినములు గడుపుదురు. అట్టి దినములలో చిన్న మాటకే కోపము వచ్చును. బోరు ఎండిపోవునేమో, ధర పడిపోవునేమో, అప్పిచ్చినవాడు వాకిట నిలుచునేమో అను తలంపులు అర్ధరాత్రివేళ కొండలవలె కనబడును. తెల్లవారి చూడగా అప్పు నిన్నటియంతే యున్నది. రాత్రి పెరిగినది అప్పు కాదు, భయము.

ఈ మాసము నీటి కొరకు తన జీవితమును వ్యయపరచిన యొక భక్తుని చరిత్రను ధ్యానింతము. నీటి కరవు నెరిగిన మనకు ఆయన పేరు ప్రియమైనది. ఆయనయే సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లాండులో జన్మించెను. సైనిక ఇంజనీరు విద్య నభ్యసించి, 1821లో, అనగా పదునెనిమిదేండ్ల ప్రాయములో, చెన్నపట్టణమునకు వచ్చెను. యౌవనమునుండియు దైవభక్తి గలవాడు. మొదట దక్షిణమున కావేరి, కొల్లిడము నదులపై పనిచేసి, 1836లో కొల్లిడముపై ఆనకట్టలు కట్టించెను. అందువలన తంజావూరి పొలములు నీరు త్రాగెను.

అప్పటికి గోదావరి మండలము మిక్కిలి దీనస్థితిలో నుండెను. 1832-33 సంవత్సరములలో వచ్చిన నందన కరవు ఊళ్లను ఖాళీ చేసెను. 1839లో కోరంగివద్ద ఉప్పెన వచ్చి అనేకులను పొట్టనుబెట్టుకొనెను. 1821లో ఏడు లక్షలకు పైబడియున్న ఆ మండలపు జనసంఖ్య 1841 నాటికి సుమారు 5 లక్షల 60 వేలకు తగ్గిపోయెను. గొప్ప నది ప్రక్కనే పారుచుండగా జనులు ఆకలితో చనిపోవుట కాటన్ సహింపలేకపోయెను. ఆయన ఆ ప్రాంతమంతయు తిరిగి చూచి, నదికి అడ్డముగా ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. 1846లో అనుమతి వచ్చెను. 1847లో ధవళేశ్వరమువద్ద పని ఆరంభమాయెను.

ఆ పని యెంత పెద్దదో తలంచుడి. నది నడుమ లంకలుండుటచేత ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములుగా కట్టవలసివచ్చెను. వేలకొలది కూలీలు పనిచేయుచుండిరి. వీణెం వీరన్నగారను మన తెలుగువాడు కూలీలను సమకూర్చి కాటన్‌కు కుడిభుజమై యుండెను. నీరు తగ్గిన నెలలలోనే పని సాగవలెను. ఎండకాలము గడచినదా, వరద రాక మానదు. సగము కట్టిన గోడ ఆ వరదకు నిలువవలెను. ఒకవైపు కాలము తరుముచుండెను, మరియొకవైపు ఎండ కాల్చుచుండెను. భారమంతయు ఒక్కని భుజములమీద నుండెను.

పని మొదలుపెట్టిన మరుసటి సంవత్సరమే, అనగా 1848లో, ఆయన ఆరోగ్యము చెడిపోయెను. ఇక్కడ రెండు దారులుండెను. నేను లేనియెడల ఈ పని ఆగిపోవునని పట్టుదలతో అక్కడనే యుండి పడిపోవుట ఒకటి. పనిని మరియొకనికి అప్పగించి విశ్రమించుట మరియొకటి. కాటన్ రెండవ దారి నెన్నుకొనెను. కెప్టెన్ ఓర్ అను తోటి ఇంజనీరుకు పని నప్పగించి, విశ్రాంతి కొరకు సముద్రము దాటి ఆస్ట్రేలియాకు వెళ్లెను.

ఆనకట్ట ఆగిపోయెనా? ఆగలేదు. ఓర్ నడిపించెను, వీరన్నగారు నడిపించిరి, కూలీలు రాయిమీద రాయి పేర్చిరి. 1850లో కాటన్ బలము పొంది తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియాయెను. మరియొక సంగతి గమనించుడి. బెజవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్టను కట్టించినది ఆ ఓర్ దొరయే. అది 1855లో ముగిసెను. కాటన్ తన పనిని వదలిన రెండేండ్లలో మరియొక కట్టువాడు సిద్ధపడెను.

కాటన్‌కు 1861లో సర్ అను బిరుదు వచ్చెను. స్వదేశమునకు వెళ్లిన తరువాతను భారతదేశమునకు నీటి కాలువలు కావలెనని వాదించుచునే యుండెను. అందు నిమిత్తము 1878లో పార్లమెంటు విచారణసంఘము నెదుట ప్రశ్నలకు నిలిచెను. ముసలితనములో తన తోటలో గోధుమ సాగు పరీక్షించుచు, 1899 జూలై 24న, తొంబదియారేండ్ల వయస్సులో ప్రభువునందు నిద్రించెను. నలుబదియైదేండ్లకు కూలిపోయిన దేహము, విశ్రాంతి పొంది, మరి యాబదియేండ్లు సేవ చేసెను.

ప్రియులారా, ఏలీయాను జ్ఞాపకము చేసికొనుడి. కర్మెలుమీద నిలిచిన ఆ శూరుడు మరునాడు యెజెబెలు మాటకు భయపడి పరుగెత్తి, బదరీవృక్షము క్రింద చావు కోరుకొనెను. దేవుడు ఆయనను గద్దింపలేదు. మొదట నిద్ర, తరువాత రొట్టె, మరల నిద్ర, మరల రొట్టె. హోరేబులోని మెల్లని స్వరము అటుపిమ్మటనే.

నేటి వైద్యులును దీనినే వివరించుచున్నారు. నిద్ర తక్కువైనప్పుడు మెదడులో భయమును పుట్టించు భాగము అతిగా రేగును. దానిని అదుపులో నుంచు ఆలోచనాభాగము బలహీనపడును. కలతచేత నిద్ర పోవును, నిద్ర పోయినందున కలత పెరుగును. గానుగెద్దువలె మనిషి అందులోనే తిరుగును. పెద్దవారికి రాత్రి ఏడు గంటలకు తక్కువకాని నిద్ర కావలెను. కావున నిద్ర పట్టనివానిని అవిశ్వాసి యని నిందింపకుడి. ప్రొద్దుగూకిన తరువాత టీ మానుడి, పడకవద్ద ఫోను ఉంచకుడి, ప్రతిదినము ఒకే వేళకు పండుకొనుడి. వారములకొలది నిద్ర పట్టనియెడల వైద్యుని దర్శించుడి. అది ప్రార్థనకు విరోధము కాదు.

మరియొక మాట. కాటన్‌కు ఓర్ దొరికెను. మన సంఘములో ఎవరికెవరు దొరుకుచున్నారు? పురుగులు మేతమీదనున్న యింట భార్యాభర్తలు వంతులు వేసికొనుడి. ఒంటరి విధవరాలి యింట ఆ వారము ఒక రాత్రి మేత మనలో ఒకరు వేయుదము. రోగిని కాచువారిని ఒక రాత్రి పంపివేసి మనము మేలుకొందము. ఒకనికి ఒక రాత్రి నిద్ర నిచ్చుటయు సువార్తసేవయే.

ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడని 121వ కీర్తన మనకు నేర్పుచున్నది. ఆయన మేలుకొనియున్నాడు గనుక మనము పండుకొనవచ్చును. ఈ రాత్రి మీ అప్పును, మీ బోరును, మీ బిడ్డల భవిష్యత్తును ఆయన చేతికప్పగించి దీపము ఆర్పుడి. తెల్లవారి లేచి పనికి పొండి. ఆమెన్.