వ్యోమగామిని జూడిత్ రెస్నిక్

అమెరికా దేశపు కళాశాలలలో విద్యార్థినులు ఏర్పరచుకొను సోదరీ సమాజములు కలవు. గ్రీకు అక్షరములే వాటికి పేర్లు. ఒక్క ఇంట వసించుట, చదువునందు ఒకరికొకరు తోడ్పడుట, కళాశాల విడిచిన పిమ్మటను ఆ బంధమును నిలుపుకొనుట వాటి ఆచారము. అయితే ఆ సోదరీత్వమునకును హద్దులుండెడివి. పూర్వము పెక్కు సమాజములు యూదుల బిడ్డలను చేర్చుకొనెడివి కావు. అందుచేత 1909లో న్యూయార్కు నగరమందలి బర్నార్డు కళాశాలలో ఏడుగురు యూదు విద్యార్థినులు ఆల్ఫా ఎప్సిలాన్ ఫై అను సమాజమును తామే స్థాపించుకొనిరి. తెరువని తలుపు ముందు నిలిచి వగచుటకంటె వేరొక ఇల్లు కట్టుకొనుట మేలు కదా! తరువాతి కాలమున ఆ సమాజమున చేరినవారిలో జూడిత్ రెస్నిక్ ఒకతె.

ఈమె 1949 ఏప్రిల్ 5వ తేదీన ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమున జన్మించెను. తండ్రి చూపు పరీక్షించి కండ్లజోళ్ళు నిర్ణయించు వృత్తిలోనివాడు. గణితమునందును, పియానో వాద్యమునందును ఈమె చిన్ననాటనే దిట్ట యనిపించుకొనెను. 1966లో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ విద్యాలయమున చేరి, విద్యుత్ ఇంజనీరింగు శాఖను ఎన్నుకొనెను. నాడు ఆ తరగతులలో ఆడపిల్లలు అరుదు. ఆ దినములలోనే పై సమాజమున సభ్యురాలయ్యెను. 1970లో పట్టము, 1977లో మేరీలాండు విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెను.

1978లో నాసా సంస్థవారు ఎనిమిది వేల పైచిలుకు దరఖాస్తులనుండి 35 మందిని ఎన్నుకొనిరి. అందు స్త్రీలు ఆరుగురే. వారిలో ఈమె చేరినది. 1984 జూన్ 26న డిస్కవరీ నౌక లేచుటకు నాలుగు సెకండ్లున్నవనగా ప్రయాణము ఆగిపోయెను. ఆగస్టు 30న మరల బయలుదేరి, ఆరు దినములు రోదసిలో గడిపి, 102 అడుగుల సౌరఫలకమును విప్పి పరీక్షించిన పనిలో పాల్గొనెను. రోదసికేగిన అమెరికా స్త్రీలలో రెండవయామె, యూదు స్త్రీలలో మొదటియామె. ఈ విశేషణములు ఈమెకు రుచింపలేదు. స్త్రీ యనియో, యూదురాలనియో కాక, పని నెరిగిన వ్యోమగామి యనియే లోకము తన్నెన్నవలెనని ఈమె కోరిక.

1986 జనవరి 28న ఛాలెంజర్ నౌకలో రెండవమారు పయనమయ్యెను. నాడు గడ్డకట్టు చలి. ఆ చలికి రాకెట్టు అతుకులందలి రబ్బరు వలయములు బిగిసిపోవునని ముందునాటి రాత్రియే ఇంజనీర్లు హెచ్చరించిరి. పై యధికారులు ఆ మాటను త్రోసిపుచ్చిరి. లెక్క తెలిసినవాని మాటకంటె తేదీయే వారికి ముఖ్యమైనది కాబోలు! 73 సెకండ్లకు నౌక విచ్ఛిన్నమై, ఉపాధ్యాయురాలు క్రిస్టా మెకాలిఫ్‌తో సహా ఏడుగురును మరణించిరి. రెస్నిక్ వయస్సు అప్పటికి 36 సంవత్సరములు.

చంద్రునిపై ఒక బిలమునకు ఈమె పేరు పెట్టిరి. ఈమె చదివిన పిట్స్‌బర్గు విద్యాలయమున ఒక వసతిగృహమునకును రెస్నిక్ గృహమని పేరు. విద్యార్థులు అందు వసించుచున్నారు.