అంగుళిమాలుడి ఇద్దరు గురువులు



మీరు ధమ్మంలోకి వచ్చి ఏడాదయినా, ఇరవై ఏళ్ళయినా, ఈ మాట మీ చెవిన పడే ఉంటుంది. చుట్టాలింటికి పెళ్ళికి వెళ్తారు. భోజనాల దగ్గర ఎవరో ఒకరు కదుపుతారు. ఆ దేవుళ్ళను వదిలేశారు సరే, ఈయన్ని పట్టుకున్నారు కదా, వాళ్ళు బాబా ఫొటోకి దండ వేస్తే మీరు బుద్ధుడి ఫొటోకి వేస్తున్నారు, వాళ్ళది భజన, మీది వందన, ఇంతకీ తేడా ఏమిటి అంటారు. ఎకసెక్కానికి అడిగేవాళ్ళుంటారు. నిజంగా తెలుసుకుందామని అడిగేవాళ్ళూ ఉంటారు. మనవాళ్ళు చాలామంది దీనికి కోపం తెచ్చుకుంటారు. కోపం తెచ్చుకోవద్దు, ప్రశ్న న్యాయమైనదే. ఒక గురువు మీద పెట్టుకున్న శ్రద్ధ ఎక్కడిదాకా శ్రద్ధ, ఎక్కడినుంచి గుడ్డిభక్తి అన్నది మనకు మనం కూడా అడుక్కోవాల్సిందే.

జవాబు సిద్ధాంతంగా చెప్పొచ్చు. కానీ ఒక మనిషి జీవితం చెప్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఎందుకంటే ఆ మనిషి రెండూ చూశాడు. ఒక గురువు దగ్గర హంతకుడయ్యాడు, ఇంకో గురువు దగ్గర మనిషయ్యాడు. ఆయన పేరు మీకు తెలుసు, అంగుళిమాలుడు. బాబాసాహెబ్ తన ‘బుద్ధుడు ఆయన ధమ్మం’ గ్రంథంలో ఈ దొంగ మారిన వైనాన్ని చేర్చారు. కాబట్టి చాలామందికి సగం కథ తెలిసే ఉంటుంది. మిగతా సగం కోసమే ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. ఈ కథ రెండు చోట్ల ఉంది. మజ్ఝిమ నికాయంలో అంగుళిమాల సుత్తం ఉంది, అది పాతది. అతని బాల్యం, చదువు, మొదటి గురువు, ఇవి తర్వాత వచ్చిన అట్ఠకథల్లో ఉన్నాయి. అట్ఠకథలో ఉన్నదాన్ని అక్షరం అక్షరం జరిగినట్టే నమ్మమని మిమ్మల్ని అడగను. అయితే ఆ కథ అల్లినవాళ్ళకు మనుషుల సంగతి బాగా తెలుసు. మీరే చూడండి.

కోసల రాజ్యంలో పసేనది రాజు దగ్గర పురోహితుడు ఒకాయన. ఆయన భార్య మంతానీ. వాళ్ళకు కొడుకు పుట్టిన వేళకు తండ్రి నక్షత్రాలు చూసి, వీడు దొంగ అవుతాడని తేల్చాడు. పుట్టిన రోజే పసివాడి నెత్తిన ఒక తీర్పు రాసి పెట్టడం మనకు కొత్త కాదు. మన తాతలకు ఆ పని కులం పేరుతో చేశారు, ఇతనికి జాతకం పేరుతో చేశారు. ఆ శకునానికి విరుగుడుగా పిల్లవాడికి అహింసకుడు అని పేరు పెట్టారట. పెద్దవాడయ్యాక తక్షశిలకు పంపారు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది, అప్పట్లో చదువులకు పెట్టింది పేరు.

అహింసకుడు అక్కడ మంచి విద్యార్థి. వినయం, సేవ, తెలివి అన్నీ ఉన్నాయి. అదే మిగతా శిష్యులకు కంటగింపు అయింది. గుంపులు గుంపులుగా వెళ్ళి గురువు చెవిలో వేశారు, వీడు మీ ఇంటికే ద్రోహం చేస్తున్నాడని. మొదట గురువు నమ్మలేదు. పదే పదే విన్నాక నమ్మాడు. నిలదీసి అడగలేదు, విచారించలేదు. తన చేత్తో చంపితే ఇక తన దగ్గరికి చదువుకు ఎవరూ రారు, కాబట్టి వేరే దారి వెతికాడు. పిలిచి, చదువు అయిపోయింది, ఇక గురుదక్షిణ ఇవ్వాలి, వెయ్యిమందిని చంపి రా అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగండి. అహింసకుడు వెంటనే కత్తి పట్టుకోలేదు. మాది హింస చేసే ఇల్లు కాదు, ఆ పని నావల్ల కాదు అన్నాడని అట్ఠకథ చెప్తుంది. అంటే అతనికి మంచీ చెడూ తెలుసు. మనసు అడ్డం పడింది, నోరు కూడా తెరిచాడు. అప్పుడు గురువు ఒకే మాట అన్నాడు, దక్షిణ ఇవ్వని చదువు ఫలించదని. అంతే, కుర్రవాడు లొంగిపోయాడు. ఇన్నేళ్ళ చదువు, ఇంత సేవ, ఇంటికి దూరంగా గడిపిన కాలం మొత్తం బూడిదలో పోసినట్టు అవుతుందేమోనన్న భయం ముందు, మనసు చెప్పిన మాట ఓడిపోయింది.

గుడ్డిభక్తి మూర్ఖుల వ్యవహారం అని మనం అనుకుంటాం. కాదు. బాబాల దగ్గర లక్షలు పోగొట్టుకున్నవాళ్ళలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, లెక్చరర్లున్నారు. ఎంత ఎక్కువ ఇచ్చుకుంటే బయటికి రావడం అంత కష్టం. డబ్బు ఇచ్చాం, పరువు పెట్టాం, పిల్లల్ని కూడా తీసుకొచ్చి కాళ్ళమీద పడేశాం, ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే మన బతుకంతా తప్పయిపోదా? ఆ భయాన్ని పట్టుకుని లాగడం తెలిసినవాడే అట్లాంటి గురువు.

మన పిల్లలందరికీ ఏకలవ్యుడి కథ తెలుసు. అక్కడా గురుదక్షిణే, అక్కడా వేలే. ద్రోణుడు అడిగాడు, ఏకలవ్యుడు తన బొటనవేలు కోసి ఇచ్చాడు. ఇక్కడ అహింసకుడు ఇతరుల వేళ్ళు కోశాడు. నాకైతే రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలనిపిస్తుంది. గుడ్డిభక్తి ముందు భక్తుణ్ణే కోస్తుందని ఒకటి చెప్తుంది, అక్కడితో ఆగదని రెండోది చెప్తుంది. ఏకలవ్యుణ్ణి గొప్ప శిష్యుడని పొగిడే పాఠాన్ని మన పిల్లలతో ఇంకా అప్పజెప్పిస్తున్నారు, గుర్తుంచుకోండి.

అహింసకుడు అడవి పట్టాడు. దారిన పోయేవాళ్ళను చంపడం మొదలుపెట్టాడు. లెక్క గుర్తు ఉండేది కాదట. అందుకని చంపిన ప్రతి మనిషి నుంచీ ఒక వేలు కోసి దాచుకున్నాడు. దాచినవి పోతుంటే దండ గుచ్చి మెడలో వేసుకున్నాడు. అట్లా అంగుళిమాలుడు అయ్యాడు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పదిమంది, ఇరవైమంది, నలభైమంది గుంపుగా వెళ్ళినా వాడి చేతిలో పడేవారని సుత్తంలో ఉంది. అట్ఠకథల లెక్కలో వెయ్యికి ఒక్కటే తక్కువ. కొడుకుని కాపాడుకోవాలని మంతానీ ఆ దారినే బయలుదేరింది. తల్లి వేలు కూడా లెక్కలో చేరేదే.

బుద్ధుడు ఆ దారిన నడిచాడు. పశువులు కాసేవాళ్ళు, పొలం దున్నేవాళ్ళు వద్దని మూడుసార్లు చెప్పారు. ఆయన మాట్లాడకుండా ముందుకే వెళ్ళాడు. అంగుళిమాలుడు వెంటపడ్డాడు, ఎంత పరిగెత్తినా మామూలుగా నడుస్తున్న బుద్ధుణ్ణి అందుకోలేకపోయాడని కథ. దాన్ని మహిమగా చెప్పుకునేవాళ్ళు చెప్పుకోనీ. మనకు కావలసింది ఆ తర్వాత జరిగిన సంభాషణ. ఆగమని అరిచాడు అంగుళిమాలుడు. తాను ఆగే ఉన్నాననీ, ఆగాల్సింది నువ్వేననీ బుద్ధుడు బదులిచ్చాడు. నడుస్తున్నవాడు ఆగానంటాడేమిటి, నిలబడ్డవాణ్ణి ఆగలేదంటాడేమిటి? అంగుళిమాలుడు అర్థం అడిగాడు. ప్రాణుల మీద హింస మాని తాను ఆగిపోయానని బుద్ధుడు వివరించాడు. అడిగితే వివరం దొరకడం అతనికి ఆ రోజే మొదలైంది. ఆయుధాలు లోయలో పారేసి వెంట వచ్చాడు.

పసేనది రాజు 500 మంది గుర్రపు రౌతులతో ఆ దొంగను పట్టుకోవడానికి బయలుదేరి, దారిలో జేతవనం దగ్గర బుద్ధుణ్ణి చూడటానికి ఆగాడు. ఆ దొంగే తల గొరిగించుకుని, చీవరం కట్టి, శీలం పాటిస్తూ కనిపిస్తే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. నమస్కరిస్తాను గానీ వాడికంత శీలం ఎక్కడిది అన్నాడు రాజు. బుద్ధుడు చెయ్యి చాపి పక్కనే కూర్చున్న భిక్షువును చూపించాడు. రాజుకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తేరుకున్నాక అతని తల్లిదండ్రుల గోత్రాలు అడిగి, చీవరాలూ అవసరాలూ ఇస్తానన్నాడు. తన మూడు చీవరాలూ ఉన్నాయి, చాలునన్నాడు అంగుళిమాలుడు. కర్రతో, కత్తితో తాము లొంగదీయలేనివాణ్ణి బుద్ధుడు అవేమీ లేకుండా లొంగదీశాడని రాజు ఆశ్చర్యపోయాడు.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. మిగతా సగం అంటే నేనన్నది ఇక్కడినుంచే.

ఒకరోజు అంగుళిమాలుడు శ్రావస్తిలో భిక్షకు వెళ్ళాడు. ఒక స్త్రీ పురుడు రాక నరకయాతన పడుతోంది. చూసి చలించిపోయాడు. వందల మందిని చంపినవాడికి ఒక ప్రాణి బాధ తాకింది. తిరిగి వచ్చి బుద్ధుడికి చెప్పాడు. బుద్ధుడు ఆమె దగ్గరికి వెళ్ళి ఒక సత్యవాక్యం పలకమన్నాడు. పుట్టినప్పటినుంచీ తెలిసి ఏ ప్రాణినీ చంపలేదు, ఆ సత్యంతో నీకూ నీ బిడ్డకూ మేలు కలగాలి అని.

అంగుళిమాలుడు ఒప్పుకోలేదు. అట్లా అంటే తెలిసి అబద్ధం ఆడినట్టే కదా, నేను చాలామందిని చంపాను కదా అన్నాడు.

మీరు ఏ ఆశ్రమంలోనైనా, ఏ బాబా ముందైనా ఈ దృశ్యం ఊహించుకోండి. చుట్టూ శిష్యులు. గురువు ఒక మాట చెప్పాడు. నిన్నటిదాకా దొంగ అయిన కొత్త శిష్యుడు, ఆ మాట అంటే అబద్ధమవుతుందని మొహం మీదే చెప్పాడు. ఏమవుతుంది? అహంకారం అంటారు. శ్రద్ధ చాలదంటారు. గురువాక్యంలో లోతు నీకు తెలియదంటారు. బుద్ధుడు ఇవేమీ అనలేదు. వాక్యాన్ని మార్చాడు. ఆర్య జన్మ ఎత్తినప్పటినుంచి, అంటే ధమ్మంలోకి వచ్చినప్పటినుంచి అని చెప్పమన్నాడు. అది నిజం కాబట్టి అంగుళిమాలుడు వెళ్ళి చెప్పాడు. తల్లీ బిడ్డా క్షేమం అని సుత్తం చెప్తుంది. (పురుటి నొప్పులొస్తే మీరు మాత్రం ఆసుపత్రికే పరిగెత్తండి.)

ఈ మనిషే తక్షశిలలో కూడా ఒకసారి కాదన్నాడు, గుర్తుందా? అప్పుడు గురువు అతని భయాన్ని పట్టుకుని మనసును తొక్కేశాడు. ఇప్పుడు గురువు అతని మనసు చెప్పినదాన్ని నిలబెట్టి తన వాక్యాన్ని సరిచేశాడు. పెళ్ళి భోజనాల దగ్గర తేడా ఏమిటని అడిగినవాళ్ళకు నేనైతే ఇది చెప్తాను. దండలు రెండు చోట్లా ఉంటాయి, కన్నీళ్ళూ ఉంటాయి, వంగి నమస్కరించడమూ ఉంటుంది. కాదన్నప్పుడు ఏమవుతుందో చూడమంటాను. పాళీలో సద్ధ అంటే ఇదే. పంచేంద్రియాల్లో సద్ధ, పఞ్ఞ తక్కెడలో రెండు పళ్ళాల్లాంటివి, సద్ధ ఒక్కటే బరువెక్కితే మనిషి నమ్మకూడనిదాన్ని నమ్ముతాడని బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో హెచ్చరించాడు. తథాగతుణ్ణే కళ్ళతో చూసి, చెవులతో విని పరీక్షించమని బుద్ధుడు వీమంసక సుత్తంలో భిక్షువులకు చెప్పాడు. తనకు వారసుణ్ణి పెట్టకుండా పోయాడు.

ఇంకో సంగతి వినయ పిటకంలో ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. అంగుళిమాలుణ్ణి చీవరంలో చూసి జనం హడలిపోయారు. పారిపోయారు, తలుపులు వేసుకున్నారు. పేరుమోసిన దొంగను సంఘంలో ఎట్లా చేర్చుకుంటారని విమర్శించారు. ఆ మాట బుద్ధుడి దాకా వెళ్ళింది. జనానికి మన గొప్ప అర్థం కాలేదులే అనుకోలేదాయన. ఇకపై అట్లాంటి పేరుమోసిన దొంగలకు దీక్ష ఇవ్వరాదని నియమం పెట్టాడు. బయటివాళ్ళ విమర్శ విని లోపల నియమం మార్చుకున్న సంఘం అది.

మనలోకి మనం చూసుకుందాం. విహారం కోసం వసూలు చేసిన చందాకి లెక్క అడిగితే ఉద్యమ ద్రోహి అనేవాళ్ళు మనలో లేరా? బాబాసాహెబ్ విగ్రహానికి పాలాభిషేకం చేసేవాళ్ళు లేరా? 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన, మతంలో భక్తి సంగతి ఎట్లా ఉన్నా రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికే దారి తీస్తుందని హెచ్చరించారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ముందు తానే భిక్షువు చంద్రమణి దగ్గర దీక్ష తీసుకుని, తర్వాత లక్షల మందితో 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఆ కాగితం మీ ఇంట్లో గోడకే ఉంటుంది, ఇంకోసారి చదవండి. అంబేద్కర్ చెప్పినట్టల్లా వింటాను అన్న ప్రతిజ్ఞ అందులో ఒక్కటీ లేదు.

అంగుళిమాలుడి చివరి రోజులు సుఖంగా ఏమీ గడవలేదు. అర్హంతుడయ్యాక కూడా భిక్షకు వెళ్తే ఒకరి మట్టిగడ్డ, ఒకరి కర్ర, ఒకరి రాయి తగిలేవి. తల పగిలి రక్తం కారుతూ, భిక్షాపాత్ర పగిలిపోయి, చీవరం చిరిగిపోయి తిరిగి వచ్చేవాడు. బుద్ధుడు ఓర్చుకోమన్నాడు, అది చేసినదాని ఫలితమేనన్నాడు. గురువు దగ్గర చేరాను కాబట్టి నా పాపాలన్నీ కడుక్కుపోయాయి అనే వెసులుబాటు అతనికి దొరకలేదు. నా గురువు చెయ్యమంటేనే చేశానని తప్పించుకోనూ లేదు. థేరగాథల్లో అతని పేరున ఉన్న గాథల్లో, హింస చేసే రోజుల్లో తన పేరు అహింసకుడనీ, ఇప్పుడా పేరు నిజమైందనీ చెప్పుకున్నాడు.

శ్రావస్తి యాత్రకు వెళ్తే, పక్కీ కుటీ అని పిలిచే పెద్ద ఇటుకల కట్టడం దగ్గర ఆగండి. అది అంగుళిమాలుడి స్తూపమని చెప్తారు. శ్రీలంకలో నేటికీ నెలలు నిండిన స్త్రీల కోసం అంగుళిమాల పరిత్త పఠిస్తారు. అందులో పలికేది బుద్ధుడు మొదట చెప్పిన వాక్యం కాదు, శిష్యుడు అభ్యంతరం చెప్పాక దిద్దిన వాక్యం.